డబ్బా నిండా బిట్లే, బండికి సరిపోయేది మాత్రం ఉండదు

మోడల్ రైల్వే, అంటే అసలు రైళ్లకి చిన్న నమూనాలు నడిపే సరదా, మొదలుపెట్టిన వాళ్లలో చాలామంది దగ్గర ఒక స్క్రూడ్రైవర్ బిట్ల డబ్బా ఉంటుంది, బిట్టంటే పిడికి తగిలించి మార్చుకునే మొన. 32 బిట్లో 64 బిట్లో ఉన్న సెట్టు, మూత తీస్తే వరసగా తళతళా మెరుస్తూ కనిపిస్తాయి, ఫోన్ విప్పడానికి, కళ్లజోడు బిగించడానికి, లాప్‌టాప్ తెరవడానికి, అన్నిటికీ ఇదొక్కటే చాలని పైన రాసి ఉంటుంది. నా మాట వింటే ఆ డబ్బా మన పనికి దండగ. దండగ అంటే డబ్బు దండగ అని మాత్రమే అనట్లేదు, అది చేసే నష్టం దాని ఖరీదుకంటే ఎక్కువ, ఎందుకంటే దాంతో పాడయ్యేది స్క్రూడ్రైవర్ కాదు కదా, ఇంజిన్ కింద ఉన్న స్క్రూ, ఆ స్క్రూ విడిగా దొరకడం ఒక పట్టాన జరిగే పని కాదు. అదే డబ్బుకి నాలుగో ఐదో మంచి డ్రైవర్లు, అవి కూడా మన దగ్గరున్న బండ్లని చూసి ఎంచుకున్నవి కొనుక్కుంటే చాలు. ఈ వ్యాసమంతా ఆ నాలుగైదు ఎలా ఎంచుకోవాలి అన్నదాని గురించే.

మా బావకి కూడా ఇదే పిచ్చి, నాకంటే ముందునుంచీ ఉంది. ఈ విషయం ఎత్తితే చాలు నవ్వుతాడు. "తిప్పడమే కదా బావా, దానికింత రామాయణం ఎందుకు" అంటాడు. "తిప్పడం ఎవడైనా తిప్పుతాడు బావా, జారకుండా తిప్పడం గురించి చెప్తున్నా" అంటే వినడు. పోనీ ఆయన వాదనలో పస లేదా అంటే ఉంది, ఇంట్లో మిగతా ఏ వస్తువుకైనా ఆయన చెప్పింది కరెక్టే, కుర్చీ స్క్రూ మీద కొంచెం జారితే ఏమవుతుంది, ఒక గీత పడుతుంది, అంతే. ఇక్కడ జారితే మొన పోయి హ్యాండ్ రెయిల్‌కో, పెయింట్‌కో, జుట్టంత సన్నగా ఉండే డీకోడర్ (బండిని నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) వైరుకో తగులుతుంది. పైగా చాలా ఇంజిన్లకి బాడీ పట్టి ఉంచే స్క్రూలు కప్లర్ (బండ్లని ఒకదానికొకటి తగిలించే కొక్కెం) పక్కనో, ఫ్యూయల్ ట్యాంక్ పక్కనో, ట్రక్కుల (కింద చక్రాలుండే చట్రాల) మధ్యలోనో ఉంటాయి, అంటే మొన జారడానికి ఖాళీ చోటంటూ ఏదీ లేదు, ఎటు జారినా ఏదో ఒకటి పోతుంది.

కొలతల సంగతి చూద్దాం. హెచ్‌ఓ స్కేల్ అంటే అసలు రైలులో 87వ వంతు, ఎన్ స్కేల్ అంటే 160వ వంతు, జెడ్ అంటే 220వ వంతు. హెచ్‌ఓలో పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, ఎన్‌లో 9, జెడ్‌లో 6.5. ఆ 9 మిల్లీమీటర్ల వెడల్పులోనే చక్రాలు, గేర్లు, వాటిమధ్య స్క్రూ, అన్నీ ఇమడాలి. హెచ్‌ఓ బండికి 2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండే స్క్రూలు ఎక్కువ, ఎన్‌కి వచ్చేసరికి అది ఒకటిన్నరకి, ఇంకా కిందకి దిగుతుంది. స్క్రూ తలమీద గాడి ఎంత లోతు ఉంటుందో మీరే ఊహించుకోండి. పెద్ద స్క్రూ మీద మొన సగం పట్టినా ఇంకా బోలెడు లోహం మిగిలి ఉంటుంది, ఇక్కడ సగం పట్టడమంటే అసలు పట్టనట్టే లెక్క, రెండోసారి తిప్పేసరికి అంచులు గుండ్రంగా అరిగిపోయి ఇక ఏ మొనా దానిమీద నిలవదు.

అసలు గొడవంతా స్టార్ స్క్రూలతోనే. మనం స్టార్ అని ఒకే పేరుతో పిలిచే ప్లస్ ఆకారపు హెడ్లు ఒక రకం కాదు. ఫిలిప్స్ ఒకటి, 1930ల్లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ పేరుమీద వచ్చింది, 1936లో జనరల్ మోటార్స్ వాళ్లు కాడిలాక్ కార్ల తయారీలో వాడటంతో ఊపందుకుంది. దీని గుణం ఏంటంటే బిగింపు ఎక్కువైనప్పుడు మొన పైకి ఎగదన్నుకుని బయటికొచ్చేస్తుంది, కావాలనే అలా చేశారా లేక అలా కుదిరిందా అన్న వాదన ఎప్పట్నుంచో ఉంది, మనకెందుకు గానీ ఆ గుణమైతే నిజం. రెండోది జిస్, అంటే జపనీస్ ఇండస్ట్రియల్ స్టాండర్డ్స్ ప్రకారం చేసింది. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ జిస్ గాడి ఆకారం కొంచెం వేరు, మామూలు ఫిలిప్స్ మొన అందులో అడుగుదాకా దిగి కూర్చోదు, పైపైన పట్టుకుని వేలాడుతుంది. కొద్దిగా బలం పెట్టగానే ఎగిరి బయటికొస్తుంది, వస్తూ వస్తూ గాడి అంచుని చెక్కుకొస్తుంది.

ఇప్పుడు కేటో, టోమిక్స్ బండ్లు ఎవరివో గుర్తు చేసుకోండి. రెండూ జపాన్ బ్రాండ్లే, ఎన్ స్కేల్ చేసేవాళ్లలో చాలామంది దగ్గర వీటిలో ఒకటైనా ఉంటుంది. ఆ బండ్లని డబ్బాలోని ఫిలిప్స్ బిట్టుతో విప్పి, స్క్రూ తల అరిగాక "స్క్రూలు మరీ మెత్తగా పెట్టారండీ" అని తిట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. స్క్రూ మెత్తగా ఉండటం కొంత నిజమే కావచ్చు, కానీ మొన అడుగుదాకా దిగి ఉంటే ఆ మెత్తదనంతో మనకి పనే పడదు. పెద్ద జిస్ స్క్రూల తలమీద ఒక చిన్న చుక్క గుర్తు ఉండటం మామూలు, దాన్నిబట్టి పోల్చుకోవచ్చు, కానీ మనం వాడే సైజుల్లో ఆ చుక్క పెట్టేంత చోటు ఎక్కడుంది, కాబట్టి చుక్క లేదు గనక జిస్ కాదు అని తీర్మానించుకోకండి. బండి జపాన్‌లో తయారైతే జిస్ అనే అనుకుని మొదలుపెట్టడం మంచిది. ఇంకో మంచి విషయం, జిస్ మొన మామూలు ఫిలిప్స్ స్క్రూలో కూడా చక్కగానే కూర్చుంటుంది, ఫిలిప్స్ మొన జిస్‌లో కూర్చోదు. అంటే ఒకటే కొనే స్తోమత ఉంటే ఏది కొనాలో వేరే చెప్పాలా? 0 నంబరు మొన ఒకటి, 00 నంబరు మొన ఒకటి, వెస్సెల్ లాంటి జపాన్ కంపెనీదైతే బేఫికర్. 2 మిల్లీమీటర్ల స్క్రూకి సాధారణంగా 0 సరిపోతుంది, దానికన్నా చిన్నవాటికి 00 కావాలి. 000 అనేది కూడా ఉంది గానీ దాని అవసరం పడేసరికి మీకే తెలుస్తుంది.

సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, తిప్పకముందే తెలుస్తుంది. బండిని ఫోమ్ మీద తలకిందులుగా పడుకోబెట్టి, మొనని నిటారుగా గాడిలో పెట్టి, పిడిని రెండు వేళ్లతో కొంచెం అటూ ఇటూ మెలిపెట్టి చూడండి, తిప్పొద్దు, ఊరికే కదపండి. స్క్రూతో పాటు కదిలితే మొన కూర్చున్నట్టు. స్క్రూ కదలకముందే మొన గాడిలో కొంచెం తిరుగుతున్నట్టు చేతికి తెలిస్తే, అది ఎంత చిన్న ఆట అయినా సరే, అక్కడితో ఆపేసి ఇంకో సైజు తీసుకోండి. చిన్న సైజు పెట్టాలా పెద్ద సైజు పెట్టాలా అన్న అనుమానం వస్తే ముందు పెద్దది పెట్టి చూడాలి, అది దిగకపోతే అప్పుడు చిన్నదానికి రావాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, చిన్నదైతే ఎలాగూ దూరుతుంది కదా అని. దూరడం వేరు, కూర్చోవడం వేరు.

గాడి ఒక్కటే ఉండే స్క్రూలు, అంటే ఫ్లాట్‌వి, పాత యూరప్ బండ్లలో, పాత మెర్క్లిన్ కంపెనీ ఇంజిన్లలో, చేత్తో తయారుచేసిన ఇత్తడి మోడళ్లలో ఎక్కువ కనిపిస్తాయి. ఇవి సులువు అనుకుంటారు గానీ నా లెక్కలో ఇవే కష్టం, ఎందుకంటే ఇక్కడ రెండు కొలతలు కుదరాలి, వెడల్పూ కుదరాలి, మందమూ కుదరాలి. వెడల్పు స్క్రూ తలంత ఉండాలి లేదా ఒక వెంట్రుక తక్కువ ఉండాలి, ఎక్కువైతే చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని గీరేస్తుంది. మందం గాడిని నింపాలి. మామూలు స్క్రూడ్రైవర్ మొన చివరికి వచ్చేకొద్దీ ఏటవాలుగా సన్నబడుతుంది, దాంతో అది గాడి పై అంచుల దగ్గర మాత్రమే ఆనుతుంది, అడుగున ఖాళీ, బలం పెట్టగానే ఆ వాలు మీదుగా పైకి జారుతుంది. తుపాకులు బాగుచేసేవాళ్లు, వాచీలు బాగుచేసేవాళ్లు వాడే మొనలు చివర రెండు పక్కలా సమాంతరంగా అరగదీసి ఉంటాయి, గాడిలో పైనుంచి కిందదాకా ఒకేలా ఆనుతాయి. ఒకసారి అలాంటిదానితో విప్పాక పాతదాన్ని ముట్టుకోబుద్ధి కాదు.

ఈ విషయంలో వాచీ పనివాళ్ల పద్ధతి నాకు చాలా ఇష్టం. స్విట్జర్లాండ్‌లోని బెర్జియాన్ కంపెనీ డ్రైవర్లకి సైజుని బట్టి రంగు ఉంటుంది, 0.80 మిల్లీమీటర్లది పసుపు, 1.00 నలుపు, 1.20 ఎరుపు, 1.40 బూడిద రంగు, 1.60 ఊదా, 2.00 ఆకుపచ్చ. మిగతా కంపెనీల్లో కూడా ఇంచుమించు ఇదే వరస పాటించేవి ఉన్నాయి. దీనివల్ల లాభం ఏంటంటే ఫలానా ఇంజిన్ బాడీకి ఎరుపు, దాని మోటారు బ్రష్ మూతకి ఆకుపచ్చ అని బండి డబ్బా మూత లోపల పెన్సిల్‌తో రాసిపెట్టుకోవచ్చు, రెండేళ్ల తర్వాత మళ్లీ విప్పినప్పుడు వెతుక్కునే పని ఉండదు. మన పనికి ఆ వరసంతా అక్కర్లేదు, 1.20, 1.60, 2.00 ఉంటే చాలావరకు గడిచిపోతుంది, ఎన్ స్కేల్ వాళ్లు 1.00 కలుపుకోండి.

ఫ్లాట్ మొనకి ఉన్న ఇంకో సుఖం, దాన్ని మనమే సరిచేసుకోవచ్చు. మూల విరిగినా, అంచు గుండ్రబడినా, సన్నటి ఆయిల్ స్టోన్ మీద రెండు చుక్కల నూనె వేసి మొనని పడుకోబెట్టి నెమ్మదిగా నాలుగుసార్లు లాగి, రెండో పక్క కూడా అంతే చేసి, చివర నిలబెట్టి అంచుని చదునుచేస్తే కొత్తదైపోతుంది. గ్రైండర్ జోలికి మాత్రం పోవద్దు, ఆ వేడికి మొన నీలంగా మారిందంటే స్టీలు గట్టిదనం పోయినట్టే, ఆ తర్వాత అది మెలిపడుతుంది. స్టార్ మొన అరిగితే ఈ అవకాశం లేదు, అవతల పారేయడమే, అందుకే స్టార్ దగ్గర పిసినారితనం చేయొద్దు అంటాను. అరిగిన స్టార్ మొన ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు పొరపాటున చేతికొస్తుంది, అసలుకే ఎసరు పెడుతుంది.

స్క్రూల నంబర్ల గురించి కూడా మాట్లాడుకోవాలి, డ్రైవర్ తప్పనుకునే చాలా గొడవలు నిజానికి స్క్రూ మారిపోవడం వల్ల వస్తాయి. అమెరికా బండ్లు నడిపేవాళ్లకి కేడీ కంపెనీ కప్లర్లు తెలియకుండా ఉండవు, ఆ కప్లర్ బాక్స్ బిగించడానికి ఎక్కువగా వాడేది 2-56 స్క్రూ. ఇందులో 2 అనేది స్క్రూ మందం నంబరు, పైన చెప్పిన మొన నంబరు కాదు. 0 నంబరు మందం 0.060 అంగుళం, అక్కడినుంచి ఒక్కో నంబరుకీ 0.013 కలుపుకుంటూ పోవాలి, అలా 2 నంబరు అంటే 0.086 అంగుళం, అంటే 2.18 మిల్లీమీటర్లు. 56 అంటే అంగుళానికి 56 థ్రెడ్లు, థ్రెడ్ అంటే స్క్రూ మీద ఉండే మర. ఇదే పద్ధతిలో 1-72, 0-80, ఇంకా చిన్నది 00-90 కూడా ఉన్నాయి, 00-90 మందం 1.19 మిల్లీమీటర్లే. యూరప్, జపాన్ బండ్లు మెట్రిక్, అక్కడ మీకు కనిపించేది ఎం2. ఎం2 మందం 2 మిల్లీమీటర్లు, థ్రెడ్ దూరం 0.4. 2-56 థ్రెడ్ దూరం లెక్కేస్తే సుమారు 0.45 వస్తుంది.

ఈ రెండూ టేబుల్ మీద పక్కపక్కన పడి ఉంటే కంటితో తేడా చెప్పడం గగనం. ఎం2ని తీసుకెళ్లి 2-56 రంధ్రంలో పెడితే వదులుగా దిగి, బిగిసినట్టే నటించి, బండి నాలుగు చుట్లు తిరిగేసరికి కప్లర్ వేలాడుతుంది. 2-56ని ఎం2 రంధ్రంలో పెడితే ఇలా తిరిగిందో లేదో అలా పట్టేస్తుంది. అక్కడ మనవాళ్లు ఏం చేస్తారు, ఇంకాస్త బలం పెడతారు, మొన జారుతుంది, తల అరుగుతుంది, డ్రైవర్ మంచిది కాదంటారు. మంచి డ్రైవర్ విలువ సరిగ్గా ఇక్కడే ఉంది, మొన గట్టిగా కూర్చుని ఉంటే స్క్రూ ఎందుకు ఆగిందో వేళ్లకి తెలుస్తుంది, థ్రెడ్ తప్పడం వల్ల ఆగిందా, అడుగు తగిలి ఆగిందా అన్నది. మొనే ఆడుతుంటే ఆ కబురు చేతిదాకా రాదు. ఒకవేళ రంధ్రం మీరే చేసుకునేట్టయితే 2-56 ట్యాప్‌కి (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) 50 నంబరు డ్రిల్ బిట్, స్క్రూ ఊరికే దూరిపోవడానికైతే 43 నంబరు. కేడీ వాళ్లు నైలాన్ 2-56 స్క్రూలు కూడా ఇస్తారు, ఇత్తడి బండికి లోహపు కప్లర్ పెట్టినప్పుడు కప్లర్ గుండా కరెంటు పక్క బండికి పాకకుండా అవి ఆపుతాయి, వాటి తల మరీ మెత్తన, మొన ఒక్కసారి జారితే గాడి పోయినట్టే.

డబ్బా సెట్టుని నేను వద్దనడానికి అసలు కారణం ఇప్పుడు చెప్తాను, బిట్లు నాసిరకం అని కాదు, ఖరీదైన సెట్లలో మంచి స్టీలే ఉంటుంది. ఆ చిన్న బిట్లకి వెనకవైపు ఆరు పలకల మొదలు ఉంటుంది, మామూలుగా 4 మిల్లీమీటర్లు. అది దూరే హోల్డర్ అంతకంటే లావుగా ఉండక తప్పదు. మన ఇంజిన్లలో చాలా స్క్రూలు పైకి కనిపించవు, ఛాసిస్ కింద సన్నటి గొట్టం లాంటి రంధ్రంలో లోపలికి దిగి ఉంటాయి, వీటి దగ్గరికి వెళ్లాలంటే సన్నటి పొడుగాటి కాడ కావాలి. హోల్డర్ ఆ రంధ్రం అంచు దగ్గరే ఆగిపోతుంది, మొన స్క్రూ దాకా చేరదు, చేరినా వంకరగా చేరుతుంది. రెండోది, బిట్టుకీ హోల్డర్‌కీ మధ్య ఎంత లేదన్నా కొంచెం ఆట ఉంటుంది, అది పెద్ద పనుల్లో లెక్కలోకి రాదు, ఇక్కడ ఆ కాస్త ఆటే చాలా ఎక్కువ. క్లబ్‌కో ఎగ్జిబిషన్‌కో వెళ్లేటప్పుడు సంచిలో వేసుకోవడానికి మాత్రం ఆ డబ్బా బాగుంటుంది, ఏ బండికి ఏం అవసరం పడుతుందో తెలియదు కదా, అంతవరకు మా బావతో గొడవ లేదు.

పిడి సంగతి. లావు పిడి అంటే ఎక్కువ బలం, ఎక్కువ బలం మనకి శత్రువు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? పిడి సన్నగా ఉండి, పైన వేరుగా తిరిగే టోపీ ఉన్న డ్రైవర్ తీసుకోండి. చూపుడువేలు ఆ టోపీ మీద పెట్టి కిందకి నొక్కుతూ, బొటనవేలు, మధ్యవేలుతో పిడిని తిప్పుతారు, నొక్కే పని ఒక వేలిది, తిప్పే పని రెండు వేళ్లది, ఒకదానికొకటి అడ్డం రావు. స్టార్ స్క్రూకి ఈ నొక్కుడు చాలా ముఖ్యం, విప్పేటప్పుడు తిప్పేదానికంటే నొక్కేదే ఎక్కువ ఉండాలి. వీహా, వెరా లాంటి జర్మన్ కంపెనీల చిన్న డ్రైవర్లకి ఈ తిరిగే టోపీ ఉంటుంది, వాచీ డ్రైవర్లకి ఎలాగూ ఉంటుంది. చేతులు పెద్దగా ఉన్నవాళ్లకి వాచీ డ్రైవర్ పిడి మరీ సన్నగా అనిపించొచ్చు, వాళ్లకి జర్మన్‌వే నయం.

ఇక విప్పడం కాదు, తిరిగి బిగించడంలో ఉంది కథంతా. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలు మొదటిసారి ఫ్యాక్టరీలో బిగించినప్పుడు తమ థ్రెడ్‌ని తామే కోసుకుంటాయి. మీరు విప్పి మళ్లీ పెట్టేటప్పుడు అలాగే తిప్పేస్తే పాత దారి పక్కన ఇంకో కొత్త దారి కోస్తుంది, రెండుమూడుసార్లు అలా జరిగితే ఆ రంధ్రంలో పట్టుకోవడానికి ప్లాస్టిక్ మిగలదు. అందుకని స్క్రూని రంధ్రంలో పెట్టి, ముందు వెనక్కి, అంటే విప్పే వైపుకి, మెల్లగా తిప్పాలి. ఒకచోట స్క్రూ చిన్నగా కిందకి పడినట్టు వేలికి తెలుస్తుంది, చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ అని వినబడుతుంది కూడా. పాత దారి మొదలు దొరికినట్టు. అక్కడినుంచి బిగించే వైపు తిప్పితే వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. మొన గాడిలో ఆడుతుంటే ఈ టిక్ మీకు ఎప్పటికీ దొరకదు, సెట్టు వద్దని నేను ఇంత మొండిగా వాదించడానికి ఈ ఒక్క కారణం చాలు.

బిగింపు ఎంత అన్నది కూడా ఇదే తీరు. బోగీకి రెండు ట్రక్కులు ఉంటాయి కదా, ఒకదాన్ని పక్కకి ఊగకుండా కేవలం తిరిగేంత బిగుతుగా, రెండోదాన్ని తిరగడంతో పాటు కొంచెం అటూ ఇటూ ఊగేంత వదులుగా పెడితే బోగీ ఎగుడుదిగుడు పట్టాల మీద కూడా నాలుగు మూలలా ఆని నడుస్తుంది. ఈ రెండు బిగింపుల మధ్య తేడా పావు చుట్టో అంతకంటే తక్కువో ఉంటుంది. పావు చుట్టుని నమ్మకంగా తిప్పాలంటే డ్రైవర్ ఎంత తిరిగిందో స్క్రూ కూడా అంతే తిరగాలి. చాలా ఎన్ స్కేల్ డీజిల్ ఇంజిన్లలో ఛాసిస్ రెండు లోహపు సగాలుగా ఉండి, ఒక్కో సగం ఒక్కో పట్టా కరెంటుని మోసుకొస్తుంది, డీకోడర్ బోర్డు వాటి మధ్యలోకి దూరుతుంది. దాన్ని పెట్టడానికి స్క్రూలు పూర్తిగా పీకక్కర్లేదు, కొంచెం వదులుచేసి బోర్డు దూర్చి మళ్లీ బిగిస్తే చాలు. వదులుగా వదిలేస్తే బండి ఆగి ఆగి నడుస్తుంది, మరీ బిగిస్తే ఆ మెత్తటి జింక్ మిశ్రమంలో థ్రెడ్ పోతుంది, అది పోతే ఛాసిస్ మొత్తం మార్చాలి.

మాగ్నెట్ మొన మీద రెండు అభిప్రాయాలున్నాయి, నేను వద్దనే పక్షం. స్క్రూ మొనకి అంటుకుని ఉంటే పెట్టడం తేలికే, ఒప్పుకుంటాను. కానీ మోటారులో మాగ్నెట్ ఉంది, సౌండ్ ఉన్న బండిలో స్పీకర్‌కి మాగ్నెట్ ఉంది, మాగ్నెట్ మొన పట్టుకుని వాటి పక్కకి వెళ్తే చెయ్యి అటు లాగేస్తుంది, ఎక్కడో అంటుకుని ఉన్న ఇనుప రజను కూడా మొనతో పాటు ప్రయాణం చేసి గేర్లలో దిగుతుంది. పైగా ఇత్తడి స్క్రూలకీ, నైలాన్ స్క్రూలకీ మాగ్నెట్ పనిచేయదు. మొన చివర గోధుమగింజలో సగమంత మైనమో, గోడలకి కాగితాలు అంటించే బంకమట్టో అద్దితే ఏ స్క్రూ అయినా నిలుస్తుంది, బిగించాక తుడిచేయడం మర్చిపోకపోతే చాలు.

పట్టేసిన స్క్రూలకి వస్తే, ముందు గాడి శుభ్రం చేయండి. పెయింటో పాత గ్రీజో నిండిపోయి ఉంటే ఏ మొనా కూర్చోదు, సూదితో గీకి తీసేస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. లోహంలో బిగిసినదానికి సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తలమీద కాసేపు ఆనించి, చల్లారాక ప్రయత్నిస్తే వదులుతుంది, ప్లాస్టిక్‌లో ఉన్నదానికి మాత్రం ఈ పని వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు, కొన్ని ప్లాస్టిక్‌ని తినేస్తాయి.

ఆవిరి ఇంజిన్లు ఉన్నవాళ్లకి ఇంకో వస్తువు కావాలి. చక్రాల పక్కన రాడ్లని పట్టి ఉంచే స్క్రూల తలలు చాలా మోడళ్లలో ఆరు పలకలవి, వాటిని ప్లయర్‌తో పట్టి తిప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాటికి చిన్న నట్ డ్రైవర్లు దొరుకుతాయి, మీ బండికి ఏ సైజో కొలిచి అదే కొనండి, మెట్రిక్‌దా అంగుళాలదా అన్నది చూసుకుని మరీ.

కొనడానికి వెళ్లేముందు ఒక పని చేయండి. మీరు ఎక్కువగా విప్పే బండ్లన్నిటినీ తలకిందులుగా పెట్టి, భూతద్దంతో స్క్రూల తలలు చూసి, స్టార్ ఎన్ని, ఫ్లాట్ ఎన్ని, ఆరు పలకలవి ఎన్ని అని రాసుకోండి, ఫ్లాట్ వాటి తల వెడల్పు కాలిపర్‌తో కొలవండి. జపాన్ బండ్లే ఎక్కువుంటే జిస్ 0, 00తో మొదలుపెట్టి ఒక ఫ్లాట్ కలుపుకోండి. పాత యూరప్ బండ్లే ఎక్కువుంటే ముందు ఫ్లాట్‌లు, తర్వాతే స్టార్. లేఅవుట్ (పట్టాలు పరిచిన బల్ల) కింద వైర్లు కలిపే టెర్మినల్ బ్లాకులకి, పట్టాల దారి మార్చే స్విచ్ మెషీన్లకి విడిగా ఒక మామూలు 2.5 మిల్లీమీటర్ల ఫ్లాట్ ఉంచుకోండి, అది అరిగినా వంగినా ఫర్వాలేదు, బల్ల కిందే పడి ఉంటుంది. బండ్ల కోసం కొన్న డ్రైవర్లు మాత్రం బల్ల కిందకి వెళ్లకూడదు, పెయింట్ డబ్బా మూతలు తీయడానికి అసలు వాడకూడదు, ఎవరు అడిగినా సరే, మా బావ అడిగినా సరే.